పాత డాక్టర్ హూలో ముందు ఏ కథ చూడాలి? పరమ చెత్త సీన్‌ని బట్టి తేల్చుకోండి

పాత డాక్టర్ హూ చూద్దామనుకునే ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, ఎక్కడ మొదలుపెట్టాలి అని. అభిమానులు చెప్పే జవాబూ ఎప్పుడూ ఒకటే. తమకి ప్రాణమైన కథలోంచి ఒక మహా గొప్ప సీన్ ఎత్తుకుని, కళ్లు మెరిపిస్తూ వర్ణించి, "ఇది చూడు, ఇంక వదలవు" అంటారు. ఆ మాట నమ్మి కూర్చున్నవాళ్లు చాలాసార్లు ఆ గొప్ప సీన్ దాకా చేరనే చేరరు, ఎందుకంటే దానికి పది నిమిషాల ముందే తెర మీదకి ఒక రబ్బరు జంతువు వస్తుంది, పక్కన కూర్చున్న బావమరిది పొట్ట పట్టుకుని నవ్వుతాడు, ఇంక ఆ సాయంత్రానికి అంతే సంగతులు.

అందుకని నా లెక్క వేరు. కథలోని పరమ చెత్త సీన్ ఏదో ముందు కనుక్కోండి. అది వచ్చినప్పుడు అందరూ నవ్వుతారు, నవ్వనివ్వండి, నేనూ నవ్వుతాను. నవ్వు ఆగాక మళ్లీ నోరు మూసుకుని కథలో పడతారా, లేక ఫోన్ తీస్తారా అన్నదే అసలు పరీక్ష. గొప్ప సీన్లు అన్ని మంచి కథల్లోనూ ఉంటాయి, వాటిని బట్టి ఏం తేలదు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. బీబీసీలో 1963 నవంబర్ 23న మొదలై 1989 దాకా 26 సీజన్లు నడిచింది, దీన్నే క్లాసిక్ సిరీస్ అంటారు. హీరో డాక్టర్ వేరే గ్రహంవాడు, టార్డిస్ అనే నీలం రంగు పోలీస్ బాక్సులో కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంటాడు, చావు మీదకొస్తే ఒళ్లు మార్చుకుంటాడు కాబట్టి నటుడు మారినా సీరియల్ ఆగదు. ఒక్కో కథ మామూలుగా నాలుగు లేదా ఆరు భాగాలు, ఒక్కో భాగం 25 నిమిషాలకి అటూ ఇటూ, ప్రతి భాగం చివరా ఎవరో ఒకరి ప్రాణం మీదకి రావాల్సిందే. డబ్బు తక్కువ, స్టూడియోలో టైము ఇంకా తక్కువ, అందుకే గోడలు ఊగుతాయి. అరవైల నాటి ఎపిసోడ్లు చాలా వాటిని బీబీసీ వాళ్లే టేపులు చెరిపేసి పోగొట్టుకున్నారు కాబట్టి, మిగిలినవే మహాప్రసాదం అనుకోవాలి.

"నేను మొదటి నుంచీ వరుసగా చూస్తానండీ" అనే క్రమశిక్షణ గలవాళ్లకి ఒక్క హెచ్చరిక. మొట్టమొదటి కథ ఆన్ అనర్త్‌లీ చైల్డ్ మొదటి భాగం నిజంగా అద్భుతం. ఇద్దరు టీచర్లు ఒక వింత స్టూడెంట్ వెనకాల పాత సామాన్ల యార్డులోకి వెళ్లి ఆ నీలం పెట్టె తలుపు తోసే దాకా ఒళ్లు జలదరిస్తుంది. దర్శకుడు వారిస్ హుస్సేన్ మన లక్నోలో పుట్టినవాడు, అప్పటికి 24 ఏళ్లు. ఆ తర్వాత మూడు భాగాలూ విగ్గులు పెట్టుకున్న ఆదిమానవులు నిప్పు ఎవరు రాజేస్తే వాడే నాయకుడు అని కొట్టుకుంటూనే ఉంటారు. చెత్త సీన్ ఏదని వెతకక్కర్లేదు, ఆ మూడు భాగాలూ అదే. మొదటి భాగం చూసి ఆపేయండి.

ఇక అభిమానులు ముందుగా చెప్పే పేరు జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్. 1975 మార్చి, ఏప్రిల్‌లలో ఆరు భాగాలుగా వచ్చింది, రాసింది డాలెక్‌లని పుట్టించిన టెర్రీ నేషనే. డాలెక్‌లంటే ఇనప గుల్లల్లో కూర్చుని ఎదురొచ్చిన ప్రతిదాన్నీ చంపుతామని అరిచే జీవులు. వాటిని ఇంకా తయారుచేస్తున్న కాలానికి డాక్టర్‌ని అతని సొంత జాతి, అంటే టైమ్ లార్డ్‌ల పెద్దలు తీసుకొచ్చి దింపుతారు: పుట్టకుండా ఆపు, లేదా వాటి బుద్ధి మార్చు, అదీ కాకపోతే ఏదో ఒక బలహీనత కనిపెట్టు, అని. వాటిని తయారుచేసేవాడు డావ్రోస్. మైకేల్ విషర్ అనే నటుడు రిహార్సల్స్‌లో తలకి కాగితం సంచి తగిలించుకుని మరీ ఆ పాత్ర సాధన చేశాడని చెప్తారు, మొహం పూర్తిగా మాస్క్ కింద పోతుంది కాబట్టి గొంతుతోనూ ఒక్క చేత్తోనూ నటించడం అలవాటు కావాలని. ఆ కష్టం ఊరికే పోలేదు. ఒకచోట డాక్టర్ అతన్ని అడుగుతాడు, మొత్తం ప్రాణికోటిని తుడిచిపెట్టే వైరస్ ఒకటి నీ చేతికొస్తే వాడతావా అని. డావ్రోస్ వెంటనే అవుననడు. ముందు అదో సరదా ప్రశ్నలా ఆలోచిస్తాడు, లేని సీసా ఒకటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నట్టు చెయ్యెత్తుతాడు, ఆ వేళ్లు నొక్కితే చాలు గాజు పగిలి అంతా అయిపోతుంది అన్న ఆలోచన అతనికి ఎంత తీపిగా ఉందో ఆ గొంతులో మెల్లగా పైకెక్కుతూ పోతుంది. కళ్లు కూడా కనపడని మనిషి అంత భయపెట్టడం నేను ఇంకో సీరియల్లో చూడలేదు.

బాగుంది కదా, మరి చెత్త సీన్? ఆల్చిప్ప. డావ్రోస్ పాత ప్రయోగాల్లో తేడా కొట్టిన జంతువుల్ని ఒక గుహలో వదిలేసి ఉంటారు, అందులో నడుస్తూ నడుస్తూ డాక్టర్‌తో వచ్చిన హ్యారీ సల్లివన్ (నౌకాదళంలో డాక్టరు, చదువుకున్నవాడు) నోరు తెరుచుకుని ఉన్న ఒక పెద్ద ఆల్చిప్పలో కాలు పెట్టేస్తాడు. ఆల్చిప్పకి పాపం కదలడం రాదు. కాబట్టి పట్టుకోవడం, వదిలించుకోవడం, రెండు పక్షాల పోరాటమూ హ్యారీయే చెయ్యాలి. దీనికి తోడు రెండో భాగం చివర, డాక్టర్‌తోనే వచ్చిన సారా జేన్ రాకెట్ పక్కనున్న పరంజా మీద నుంచి పడిపోతూ ఉండగా బొమ్మ ఆగిపోతుంది. వారం రోజులు పిల్లలంతా టెన్షన్ పడి ఉంటారు, మూడో భాగం మొదట్లో చూస్తే కాస్త కిందనే ఉన్న చెక్క మీద పడి ఉంటుంది. అడ్డంగా మోసం.

అయినా ఈ కథ నవ్వుని తట్టుకుంటుంది, అందులో అనుమానం లేదు. నా ఇబ్బంది వేరే. ఆరు భాగాలంటే రెండున్నర గంటలు, అందులో ఎక్కువ భాగం ఎవరో ఒకరు ఎవరి చేతికో చిక్కడం, తప్పించుకోవడం, మళ్లీ చిక్కడం. పైగా చివర్లో డాక్టర్ రెండు వైర్లు చేతిలో పట్టుకుని, కలిపితే డాలెక్ జాతి మొత్తం పోతుంది, కానీ అలా చంపే హక్కు నాకుందా అని ధర్మసందేహంలో పడే సీన్ ఉందే, అది అంత పేరు మోయడానికి కారణం అప్పటికే పన్నెండేళ్లుగా జనం డాలెక్‌లని చూసి ఉండటం. మొదటిసారి చూసే మీ బావమరిదికి వాటి మీద ఆ కోపం ఎక్కడ్నుంచి వస్తుంది? "కలిపెయ్ బాబూ, ఆలోచనేంటి" అంటాడు. ఇంకో తమాషా, అంత ఉపన్యాసమూ అయ్యాక చివరికి ఆ వైర్ల మీదుగా వెళ్లి పేలుడు తెప్పించేది ఒక డాలెకే. కాబట్టి ఇది మూడో కథగా చూడండి, మొదటిది మాత్రం వద్దు.

మొదటిదానికి నేను ఎక్కువమందికి చెప్పేది పిరమిడ్స్ ఆఫ్ మార్స్. 1975 అక్టోబర్, నవంబర్‌లలో వచ్చింది, నాలుగే భాగాలు. 1911, ఇంగ్లాండులో ఒక పల్లెటూరి బంగళా. ఈజిప్టులో సమాధి తవ్విన ప్రొఫెసర్ మార్కస్ స్కార్మన్ ఎప్పుడో చచ్చిపోయాడు గానీ అతని శవం ఇంటికొచ్చి పనులు చేస్తుంటుంది, చేయించేవాడు సుటెఖ్, పిరమిడ్ కింద ఏడువేల ఏళ్లుగా కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టబడ్డ ఒక గ్రహాంతర దేవుడు. గేబ్రియెల్ వూల్ఫ్ ఇచ్చిన ఆ గొంతు అరవదు, బెదిరించదు, చాలా మర్యాదగా మెత్తగా సర్వనాశనం గురించి చెప్తుంది. ఆయనే 2024లో మళ్లీ అదే పాత్రకి గొంతిచ్చాడంటే ఎంత పని చేసిందో చూసుకోండి.

ఇందులో నాకు బాగా నచ్చేది, బావమరిది నోరు తెరిచే లోపే కథ జవాబు చెప్పేయడం. సారా 1980 నుంచి వచ్చింది కదా, అప్పటికి లోకం బాగానే ఉంది కదా, అంటే సుటెఖ్ ఓడిపోయినట్టే, మరి మనకెందుకీ గొడవ, వెళ్లిపోదాం పద అంటుంది. నిజంగా ఎవరికైనా వచ్చే అనుమానమే. డాక్టర్ వాదించడు, టార్డిస్ ఎక్కించి 1980కి తీసుకెళ్లి తలుపు తీస్తాడు. బయట దుమ్ము, ఈదురుగాలి, ఇంకేం లేదు. ఇప్పుడు వదిలేసి వెళ్తే నీ 1980 ఇదీ అని చూపించి వెనక్కి తెస్తాడు. రెండు నిమిషాల సీన్, ఖర్చు దాదాపు సున్నా. మార్కస్ తమ్ముడు లారెన్స్ చిన్నప్పటి ఫొటో చూపించి, ఆ శవంలో ఎక్కడో అన్నయ్య మిగిలి ఉన్నాడేమో అని బతిమాలడం కూడా ఇందులోదే, ఏం జరుగుతుందో మీరే చూడండి.

చెత్త సీన్లు రెండు. ఒకటి, మమ్మీలు. ఒళ్లంతా గుడ్డ చుట్టుకున్న రోబోలు, ముందుకి పొడుచుకొచ్చిన ఛాతీలతో అడవిలో తిరుగుతుంటాయి. పాపం దొంగతనంగా వేటాడుకునే ఒకాయన వాటికి దొరుకుతాడు. రెండు మమ్మీలు చెరో పక్క నుంచి వచ్చి ఛాతీలతో అతన్ని మధ్యలో నొక్కి చంపేస్తాయి. కత్తి లేదు, తుపాకి లేదు, కౌగిలింతే. రెండోది ఇంకా గొప్పది. ఏడువేల ఏళ్ల తర్వాత సుటెఖ్‌కి బంధాలు తెగి, లోకం వణికేలా కుర్చీలోంచి లేస్తుంటే, కింద దిండు కూడా తనతో లేవకుండా పట్టుకున్న ఒక స్టూడియో కుర్రాడి చెయ్యి స్పష్టంగా కనపడుతుంది. మా ఇంట్లో "బావా, ఆ చెయ్యి ఎవరిది?" అని అడిగితే రిమోట్ వెనక్కి తిప్పి మళ్లీ చూపించాల్సొచ్చింది. అభిమానులందరికీ ఆ చెయ్యి తెలుసు, అందరూ అక్కడ చేతులెత్తి స్వాగతం చెప్తారు. విచిత్రం ఏంటంటే ఆ నవ్వు తర్వాత కూడా సుటెఖ్ భయం తగ్గదు, గొంతు మళ్లీ వినపడగానే గది నిశ్శబ్దమైపోతుంది. పరీక్ష పాసు. మార్స్ మీద పొడుపుకథలు విప్పే చివరి భాగం మాత్రం కాస్త సాగదీతే, ఒప్పుకుంటాను.

కానీ మీ ఇంట్లో అసలు సీరియస్‌గా ఏదీ చూడని బ్యాచ్ ఉంటే, ప్రతి సీన్‌కీ కామెంట్ చేసేవాళ్లే ఉంటే, వేరే ఆలోచన వద్దు, సిటీ ఆఫ్ డెత్ పెట్టండి. 1979 సెప్టెంబర్ చివర్లో మొదలైన నాలుగు భాగాల కథ, సీరియల్ వాళ్లు మొదటిసారి విదేశం వెళ్లి పారిస్‌లో తీశారు. రచయిత పేరు డేవిడ్ ఆగ్న్యూ అని పడుతుంది గానీ అలాంటి మనిషి లేడు, డేవిడ్ ఫిషర్ కథని నిర్మాత గ్రాహమ్ విలియమ్స్, స్క్రిప్ట్ ఎడిటర్ డగ్లస్ ఆడమ్స్ కూర్చుని హడావిడిగా తిరగరాసింది ఇది. చివరి భాగాన్ని 1 కోటి 61 లక్షల మంది చూశారు. అభిమానులు ఈ అంకె చెప్పుకుని మీసం మెలేస్తారు, అప్పుడు పోటీ ఛానెల్ ఐటీవీ సమ్మెతో మూతపడి ఉందన్న సంగతి మాత్రం మెల్లగా దాటేస్తారు.

కథ చెప్తే మీరు నమ్మరు. కౌంట్ స్కార్లియోనీ అనే పెద్దమనిషి లూవ్ర్ మ్యూజియంలోంచి మోనాలిసాని దొంగిలించాలనుకుంటాడు, కానీ అతని ఇంటి నేలమాళిగలో గోడ కట్టి దాచిన మోనాలిసాలు అప్పటికే ఆరున్నాయి, ఆరూ లియొనార్డో స్వయంగా వేసినవే. మ్యూజియంలోది మాయమైందని పేపర్లో వస్తే చాలు, ఏడుగురు కోటీశ్వరులకి ఏడూ విడివిడిగా అమ్మొచ్చు, ఎవడికి వాడు తన దగ్గరున్నదే దొంగసొత్తు అనుకుని నోరు మూసుకుంటాడు. ఇంత తెలివైన దొంగ ప్లాను వేసింది ఎందుకయ్యా అంటే, 40 కోట్ల ఏళ్ల వెనక్కి వెళ్లి తన అంతరిక్షనౌక పేలిపోకుండా ఆపుకోవడానికి కావలసిన ఖర్చుల కోసం. అతను మనిషి కాదు, జాగరాత్ జాతిలో ఆఖరివాడు స్కారోత్, ఆ పేలుడులో పన్నెండు ముక్కలై చరిత్రంతా చెల్లాచెదురుగా బతుకుతున్నాడు.

చెత్త సీన్ మొదటి భాగం చివరే ఉంది, ఎక్కువ సేపు ఎదురుచూడక్కర్లేదు. కౌంట్ అద్దం ముందు నిలబడి తన మొహం చింపుకుంటాడు. కింద ఒంటికన్నుతో పచ్చటి తల, ఆ తలంతా ఉడికిన సేమ్యా ముద్దలా ఉంటుంది. దాన్ని చూసి భయపడేలోపే అందరికీ ఒకటే సందేహం, ఇంత పెద్ద తల అంత చిన్న మొహంలో ఎలా పట్టింది? దాని వెనకే ఇంకో సందేహం, ఇన్నాళ్లు కాపురం చేసిన భార్యకి ఎలా తెలియలేదు? ఇక్కడే ఈ కథ మిగతావాటిని కొట్టేస్తుంది. చివర్లో డాక్టర్ వెళ్లి కౌంటెస్‌ని సరిగ్గా అదే అడుగుతాడు, నీ మొగుడి గురించి నీకసలేం తెలుసమ్మా అని. మన వెక్కిరింతని కథ తన పాయింటుగా వాడేసుకుంటుంది. జూలియన్ గ్లోవర్, క్యాథరిన్ షెల్ ఇద్దరూ ఆ మొగుడూ పెళ్లాల్ని ఎంత దర్జాగా చేశారంటే, బయటకి తోయించినా, బందీగా పట్టుకున్నా, వాళ్ల డ్రాయింగ్ రూములో ఇంకాసేపు కూర్చుందాం అనిపిస్తుంది. టామ్ బేకర్ డాక్టరైతే నేల మీద కింద పడేసిన బట్లర్‌నే మెచ్చుకుంటాడు, మంచి మొరటువాడు అని.

ఇంకో ముఖ్య పాత్ర డగ్గన్, డిటెక్టివ్, అతనికి తెలిసిన విద్య ఒక్కటే, ఎదురొచ్చినవాణ్ణి గుద్దడం. నాలుగు భాగాలూ డాక్టర్ అతన్ని వద్దురా బాబూ అని ఆపుతూ వస్తాడు. ఆఖరికి భూమి మీద ప్రాణం పుట్టాలా వద్దా అన్నది తేల్చేది ఆ గుద్దే. మోనాలిసాల సంగతికొస్తే, డాక్టర్ 1505కి వెళ్లి లియొనార్డో ఇంకా బొమ్మ వెయ్యని ఖాళీ చెక్కల మీద మార్కర్ పెన్నుతో "ఇది నకిలీ" అని రాసేసి వస్తాడు. కాబట్టి బొమ్మలన్నీ అసలువే, ఎక్స్‌రే తీస్తే మాత్రం నకిలీ అని కనపడుతుంది. ఇలాంటి ఆలోచనకి గ్రాఫిక్స్ దేనికి?

లోపం లేదా అంటే ఉంది. పారిస్ దాకా వెళ్లాం కదా అని వీధుల వెంట నడవడం, పరుగెత్తడం, మళ్లీ నడవడం, టికెట్ డబ్బులు రాబట్టుకున్నారన్నమాట. ఫాస్ట్ ఫార్వర్డ్ చెయ్యాలనిపిస్తే చెయ్యండి, ఏం పోదు. పిల్లలతో చూడ్డానికి కూడా నేనిక్కడ చెప్పే అయిదింట్లో ఇదే నయం.

ది కేవ్స్ ఆఫ్ ఆండ్రోజానీ 1984 మార్చిలో వచ్చింది, డాక్టర్‌గా పీటర్ డేవిసన్ ఆఖరి కథ. 2009లో డాక్టర్ హూ మ్యాగజైన్ పెట్టిన ఓటింగులో మొత్తం 200 కథల్లో మొదటి స్థానం దీనిదే. మొదలైన కాసేపటికే డాక్టర్, అతనితో తిరిగే పెరీ ఇద్దరూ తెలియక ఒక విషం ముట్టుకుంటారు, అక్కడ్నుంచి కథ మొత్తం వాళ్లు చచ్చిపోతూనే ఉంటారు, చుట్టుపక్కల జనం తమ యుద్ధాల్లో తాముంటారు. మోర్గస్ అనే వ్యాపారి దేశాధ్యక్షుణ్ణి లిఫ్టు గుంతలోకి తోసేసి, లిఫ్టు మెయింటెనెన్స్ వాణ్ణి కాల్చేయమని ఆర్డరిస్తాడు. అంత నల్లటి హాస్యం. చెత్త సీన్ మ్యాగ్మా మృగం, గుహల్లో తిరిగే ఒక బరువైన రబ్బరు తొడుగు, లోపలున్న మనిషి అవస్థ బయటికి తెలుస్తూనే ఉంటుంది. అదృష్టం కొద్దీ అది రెండు మూడుసార్లు కనపడి పోతుంది. కానీ ఈ కథ గొప్పతనం ఈ డాక్టర్ ఎంత మంచివాడో ముందే తెలిసినవాళ్లకి. కోటు మీద ఆకుకూర కాడ ఎందుకు పెట్టుకున్నాడు అన్న ప్రశ్నకి రెండేళ్లకి పైగా ఆగి ఇందులో జవాబు చెప్తారు, ఆ ప్రశ్నే తెలియనివాళ్లకి ఆ జవాబుతో పనేముంది? డేవిసన్ కథలు ఒక మూడు నాలుగు చూసి అప్పుడు రండి. చిన్నపిల్లలకి వద్దు.

ది వెబ్ ప్లానెట్ కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 1965, ఆరు భాగాలు, డాక్టర్‌గా విలియమ్ హార్ట్‌నెల్. వోర్టిస్ గ్రహం మీద మనుషులంత చీమలు, సీతాకోకచిలుకలు, గెంతుతూ గొణిగే గొంగళిపురుగులు. అన్యలోకంలా మసకగా ఉండాలని కెమెరా కళ్లకి వేసెలిన్ పూసి తీశారు. జార్బీ చీమల కింద నటుల కాళ్లు మామూలు మనుషుల కాళ్లలానే కనపడుతుంటాయి, ఒక చీమ అయితే వేగంగా వచ్చి నేరుగా కెమెరాకే గుద్దుకుంటుంది, ఆ షాటు తీసెయ్యలేదు. ఒక పురుగు గోడలోంచి కారే ఆసిడ్‌ని ఆపడానికి ఆ కన్నంలో తన తలే దూర్చి ప్రాణత్యాగం చేస్తుంది. విక్కీ అనే అమ్మాయి ఒక చీమని మచ్చిక చేసుకుని జాంబో అని పేరు పెడుతుంది. ఇందులో చెత్త సీన్ ఏదో తేల్చడం నా వల్ల కాలేదు. కానీ ఒక్కటి చెప్పాలి, ఆ గ్రహం మీద డాక్టర్ బృందం తప్ప మనిషన్నవాడు ఒక్కడు కూడా లేడు, అంత సాహసం తర్వాత డబ్బున్న రోజుల్లో కూడా పెద్దగా ఎవరూ చెయ్యలేదు. మొదటి భాగాన్ని 1 కోటి 35 లక్షల మంది చూశారు. ఒంటరిగా మాత్రం కూర్చోకండి, ఎగతాళి చేసేవాళ్లు పక్కనుంటేనే ఆరు భాగాలూ గట్టెక్కుతాయి.

మొత్తానికి, రాత్రిపూట ఒక్కరే లైట్లార్పి చూసే రకమైతే పిరమిడ్స్. ఇంటినిండా జనం ఉంటే సిటీ ఆఫ్ డెత్. ఈ రెండూ అయ్యాక జెనెసిస్, ఆపైన ఆండ్రోజానీ. ఏదైనా రోజుకి ఒక భాగమే చూడండి. ఇవి వారానికోసారి చూసేవాళ్ల కోసం తీసినవి, ఒకేసారి వరసపెట్టి చూస్తే ప్రతి ఇరవై అయిదు నిమిషాలకీ ఎవరో ఒకరు కెవ్వుమనడం తప్ప ఏం గుర్తుండదు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకి పాత ఎపిసోడ్లు చాలావరకు బీబీసీ ఐప్లేయర్లో ఉన్నాయి, 2023 నవంబర్‌లో కొత్తవీ పాతవీ కలిపి 800కి పైగా పెట్టారు. మొట్టమొదటి కథ మాత్రం హక్కుల గొడవ వల్ల అందులో పెట్టలేదు. డిస్కులు కొనుక్కునేవాళ్లకి ది కలెక్షన్ పేరుతో సీజన్ల వారీగా బ్లూరే సెట్లున్నాయి, జెనెసిస్ ఉన్నది సీజన్ 12లో, సిటీ ఆఫ్ డెత్ ఉన్నది సీజన్ 17లో.

ఆండ్రోజానీ చూసే రోజు రిమోట్ చేతిలోనే పెట్టుకోండి. దాని వెనకే వచ్చే కథ పేరు ది ట్విన్ డైలమా, ఇందాక చెప్పిన అదే ఓటింగులో 200వ స్థానం దానిది. ఆటోప్లే మొదలయ్యేలోపు టీవీ కట్టేయండి.